జాడీకి మైల సోకుతుందా?

మా ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడనివి రెండు ఉండేవి. ఒకటి నా మడి ఆవకాయ జాడీ, రెండోది మా మనవరాలి కంప్యూటరు. జాడీ వంటింటి మూల చెక్కపీట మీద, మూతికి గుడ్డ వాసెన కట్టించుకుని కూర్చునేది. కంప్యూటరు ముందుగదిలో బల్ల మీద, నా పాతచీర చించి కుట్టిన ముసుగు వేసుకుని కూర్చునేది. ఆ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. తడిచేత్తో దగ్గరికి రాకూడదు. దుమ్ము దులపాలన్నా అది మా మనవరాలే దులపాలి.

"మీ ఇద్దరి మడీ ఒక్కలాంటిదేనండీ అత్తయ్యగారూ. మధ్యలో మైలదాన్ని నేనొక్కదాన్నే" అనేది మా కోడలు. ఆవిడది తణుకు. చిన్నప్పటినుంచీ పంచదార మిల్లు పక్కన పెరిగింది గనక మాట తియ్యగానే ఉంటుంది. లోపలున్న కారం తరవాత తెలుస్తుంది.

మా వారు పోయిన తరవాత నాది ఒంటిపూట భోజనం. తడిబట్టతో నేనే వండుకుని తినేదాన్ని. ఊరగాయ కూడా అలా మడిగా పెట్టుకున్నదే నోట పెట్టేదాన్ని. మిగతా వాళ్ళకి వేరే జాడీ ఉండేది, దాన్ని ఎవరేం చేసినా నేనడగను. నా జాడీ ఏడాది పొడుగునా నాకు ఆధారం. కూర లేని రోజున అదే కూర. వండుకునే ఓపిక లేని రోజున, అదీ గడ్డపెరుగూ ఉంటే చాలు.

అవి రెండువేల సంవత్సరం దాటిన రోజులు. మా మనవరాలు రాజమండ్రిలోనే ఎమ్మెస్సీ లెక్కలు చదివేది. కంప్యూటరుకి ఫోను తీగ తగిలిస్తేగాని ఇంటర్నెట్టు రాదు, అది వస్తే ఫోను మోగదు. ఎవరు చచ్చారో ఎవరు పుట్టారో తెలిసే దారి లేక నేను గుమ్మంలో నిలబడి గొణిగేదాన్ని.

"ఏం చేస్తున్నావే అంతసేపు?"

"లెక్కలు, మామ్మా."

"లెక్కలకి కాగితం చాలదా? ఫోనెందుకు?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. ఎక్కడెక్కడి దేశాల్లోనో ఉన్న లెక్కలవాళ్ళందరూ కలిసి ఒక చోట రాసుకుంటున్నారట. పుస్తకం లాంటిదే కాని పుస్తకం కాదు, ఎవరికి తెలిసింది వాళ్ళు వచ్చి చేర్చవచ్చు.

"ఎవరు రాయిస్తున్నారు?"

"ఎవరూ రాయించట్లేదు. వాళ్ళే రాస్తున్నారు."

"జీతం?"

"లేదు మామ్మా."

"అయితే తప్పులే రాస్తారు."

"రాస్తే ఇంకోళ్ళు పట్టుకుంటారుగా! ఏది రాసినా పక్కన రుజువు పెట్టాలి. ఎవరో చెప్పారంటే ఊరుకోరు."

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే. ఆ తరవాత మా అమ్మకి పురుడొచ్చింది, నా పలక మా తమ్ముడి ఉయ్యాల కింద చేరింది. కాని రుజువు పెట్టాలనే మాట నాకు నచ్చింది. మా బంధువుల్లో ఆ అలవాటు ఒక్కరికీ లేదు.

వాళ్ళు రాసుకునేవాటిని స్పేసులంటారట. కంటికి కనపడవు, మనసులో కట్టుకునే ఇళ్ళలాంటివని చెప్పింది. ఒక్కోదానికి కొన్ని గుణాలు ఉంటాయి, కొన్ని ఉండవు. మామూలు పుస్తకంలో అయితే పేరు తెలిస్తేనే వెతకగలం. ఇక్కడ పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ఫలానా గుణం ఉండాలి, ఫలానా గుణం ఉండకూడదు, అలాంటిది ఏదైనా ఉందా అని అడిగితే చాలు, ఉన్నవన్నీ తెచ్చి ముందు పెడుతుంది.

"ఏకాదశి నాడు తినొచ్చు, పొయ్యి వెలిగించక్కర్లేదు, పళ్ళు లేనివాళ్ళు కూడా నమలగలరు, అలాంటిదేముంది అన్నట్టా?"

"అంతే! ఏముంది మరి?"

"అరటిపండు."

"నువ్వే ఒక వెబ్‌సైటువి మామ్మా."

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. ఒక గుణమూ ఇంకో గుణమూ రెండూ ఉంటే మూడోది ఉండి తీరుతుందని ఒక సూత్రం ఒక్కసారి రాసి పెడితే, ఆ తరవాత ఎవరు ఏ స్పేసుకి మొదటి రెండూ రాసినా మూడోదాన్ని ఆ మిషనే నింపుకుంటుందట. మనిషి మళ్ళీ రాయనక్కర్లేదు. ఇదీ పద్ధతంటే! నేను సబ్బుముక్కలు ఒకదానికొకటి అతికించి వాడతాను. పాలపాకెట్లు కడిగి తీగ మీద ఆరేస్తాను. దానంతటది వచ్చేదాని కోసం చెయ్యి కదపకూడదనే ఇంగితం ఆ దేశాల వాళ్ళకి ఉందని నాకు అంతవరకు తెలియదు.

"మరి తెలియని చోట ఏం రాస్తారు?" అని అడిగాను.

"ఏమీ రాయరు. ఖాళీగా వదిలేస్తారు."

ఇది మాత్రం నాకు నచ్చలేదు. మా అత్తగారి నోట తెలియదు అనే మాట నేనెన్నడూ వినలేదు. ఆవిడ తరవాత నా నోట ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. ఇంటి పెద్ద అన్నాక ఏది అడిగినా అవుననో కాదనో చెప్పాలి. నోరు వెళ్ళబెట్టి ఖాళీగా ఎలా వదిలేస్తాం?

మా మనవరాలికి ఆ ఆట తలకెక్కింది. ఒకనాడు పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి పట్టుకుని వంటింటి గడప అవతల కూర్చుంది. గడప దాటితే ఏమవుతుందో దానికి తెలుసు.

"మామ్మా, నీ వంటిల్లు కూడా ఇలా రాద్దాం. నువ్వు సూత్రాలు చెప్పు."

"నా దగ్గర సూత్రాలేంటే? మడికట్టుకోవడానికి సూత్రాలా?"

"అంటు అంటే ఏంటో చెప్పు ముందు."

"నీళ్ళలో ఉడికింది ఏదైనా అంటే. అన్నం ముట్టుకున్న చేత్తో ఊరగాయ ముట్టుకోకూడదు. కడుక్కుని ముట్టుకోవాలి."

రాసుకుంది. "నూనెలో వేగింది?"

"దానికి అంటు లేదు. నూనె అన్నిటినీ తీసేస్తుంది."

"సరే. బూరెలు?"

"బూరెలకేమొచ్చింది? నూనెలో వేగుతాయి, అంటు లేదు."

"లోపల పూర్ణం? శనగపప్పు ఉడకబెట్టావుగా నీళ్ళలో?"

నేను గరిటె పట్టుకుని ఆగాను. దాని కళ్ళు చూస్తే కోర్టులో గెలిచిన ప్లీడరులా ఉంది.

"మొదటి సూత్రం ప్రకారం బూరె అంటు. రెండో సూత్రం ప్రకారం కాదు. మా సైటులో అయితే ఈపాటికి మిషను ఎర్రగీత గీసి, రెంటిలో ఒకటి తప్పని అరిచేది."

"అరవడానికి అదెవరే! నీళ్ళలో ఉడికి, ఆ తరవాత నూనెలో పడకపోతేనే అంటు. రాసుకో."

అది కాగితం వదిలేసి చప్పట్లు కొట్టింది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చేసేది కూడా ఇదేనట. బూరెలాంటిది ఎదురైతే బూరెని పారెయ్యరట, సూత్రాన్ని సరిచేసుకుంటారట. బూరెని పారేసేవాళ్ళు ఎవరుంటారు, అన్నాను నేను.

ఆ తరవాత మైల దగ్గరికి వచ్చింది. మడి లేని మనిషి తాకితే దేనికి మైల సోకుతుంది, దేనికి సోకదు? పట్టుబట్టకి సోకదు. నూలుబట్టకి సోకుతుంది. చెక్కపీటకి సోకదు. ఇత్తడిగిన్నెకి సోకుతుంది, చింతపండేసి తోమితే పోతుంది. మైల సోకిన వస్తువు, సోకేదాన్ని తగిలితే దాని పనీ అంతే. దాంట్లో ఉన్నదాని పనీ అంతే. ఒక్కోటీ అడుగుతూ రాసుకుంటూ, "జాడీకి?" అంది.

అప్పుడే పాలు పొంగాయి. పొయ్యి దగ్గరికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అది కాగితాలు చుట్టేసి కంప్యూటరు గదిలోకి పోయింది.

ఆ ఏడు ఆలస్యంగా, వేసవి చివర్లో, ఆఖరి కాయలతో ఆవకాయ పెట్టాను. కాయలు ఏరుకోవడం దగ్గర్నుంచి తెడ్డుతో కలపడం దాకా తడిబట్టతో నా చేతులమీదనే. మంచి పప్పునూనె, మొహమాటపడకుండా పోశాను. పొదుపు అన్నిట్లోనూ చేస్తాను గాని ఆవకాయ నూనెలో చెయ్యను, అక్కడ చేస్తే బూజు పడుతుంది. పెట్టిన మూడోరోజున జాడీ విప్పి, అడుగునుంచి తిరగకలిపి, మళ్ళీ వాసెన కట్టాలి.

సరిగ్గా ఆ మూడోరోజునే తణుకులో మా కోడలి అన్నయ్యగారింట సీమంతం పడింది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తాంలే, వచ్చి స్నానం చేసి కలుపుకుంటాననుకున్నాను. వచ్చేటప్పుడు బండి నిడదవోలులో ఆగింది. ఆగినది కదలదు. ముందేదో గూడ్సు అడ్డం పడిందన్నారు. ఎండలో ప్లాట్‌ఫారం మీద కూర్చుని నేను జాడీ గురించి తలుచుకుంటుంటే, మా కోడలు పల్లీలు కొనుక్కొచ్చి, "మీరు తినరుగా అత్తయ్యగారూ" అని తనే తింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేవేళ అయింది. మా మనవరాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. జుట్టు తడిగా ఉంది.

"మామ్మా, నువ్వు రాలేదని ఆవకాయ నేను కలిపాను. స్నానం చేసి, తడిబట్ట కట్టుకుని, నువ్వెలా చేస్తావో అలాగే."

నా ప్రాణం లేచొచ్చింది. "నా తల్లే!" అన్నాను. ఆ మాట నేను తరచుగా అనను.

"కాని మధ్యలో..." అంది.

"మధ్యలో?"

"కలపడం అయిపోయింది. అప్పుడే గుమ్మంలోంచి చూస్తే సైటులో నేను రాసినదానికి ఏదో జవాబొచ్చినట్టు కనపడింది. పొద్దున్నించి దానికోసమే చూస్తున్నాను కదా. వెళ్ళి మౌసు పట్టుకున్నాను. తరవాత గుర్తొచ్చి వచ్చి వాసెన కట్టేశాను. మళ్ళీ స్నానం చెయ్యలేదు."

కంప్యూటరు సంగతి నాకు తెలుసు. దాని మడి మాకే గాని, స్నేహితురాళ్ళందరూ వచ్చి దాన్నే నొక్కుతారు. మరమరాలు నములుతూ నొక్కుతారు. ఆ మీటల సందుల్లో ఎంగిలి మెతుకులు కూడా ఉంటాయి. ఆ చేత్తో నూలుగుడ్డ పట్టుకుని నా జాడీ మూతికి కట్టింది!

చెప్పకుండా ఊరుకుంటే నాకు తెలిసేదే కాదు. కాని రుజువేదీ, ఆధారమేదీ అని అడిగేవాళ్ళ మధ్య తిరిగి తిరిగి ఆ పిల్ల అబద్ధమాడడం మరిచిపోయినట్టుంది. తిట్టాలంటే నోరు రాలేదు. తిట్టకుండా ఉండాలన్నా రాలేదు.

"ఇంకేముంది! ఇవాళ్టితో ఈ ఏటి నా ఆవకాయ అయిపోయింది. మీ జాడీలో కలిపేసుకోండి. నేను మజ్జిగలో ఉప్పేసుకుని తింటాను."

"మళ్ళీ పెట్టుకోవచ్చుగా అత్తయ్యగారూ?"

"కాయలెక్కడివే? ఇప్పుడు దొరికేవన్నీ టెంక ముదిరి, పీచుపట్టి, పండుబారినవి. అవి పెడితే నెల తిరక్కుండా మెత్తబడతాయి. అయినా ఇంత నూనె, ఇంత ఆవపిండి మళ్ళీ పొయ్యమంటావా?"

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో పంచాయితీ జరిగింది. నేను లోపల, వాళ్ళిద్దరూ బయట. జాడీ తన పీట మీద తాను. మా మనవరాలు క్యాలెండరు కాగితాలు తెచ్చి గడప ముందు పరిచింది.

"నూలుగుడ్డకి మైల సోకింది. అది నిజం. ఆ గుడ్డ జాడీ అంచుకి తగిలింది. అదీ నిజమే. ఇప్పుడు జాడీకి మైల సోకుతుందా లేదా? సోకితే ఊరగాయ పోయినట్టే. సోకకపోతే గుడ్డ ఉతుక్కుంటే చాలు. ఇక్కడ ఖాళీ ఉంది మామ్మా. ఆ రోజు పాలు పొంగాయి."

ఇద్దరూ నా మొహం చూశారు. సోకుతుందని అందామంటే ఆవకాయ పోతుంది. సోకదని అందామంటే, నాకు కావలసిన జవాబు కాబట్టి చెప్పానంటుంది మా కోడలు. మా అత్తగారు ఏం చేసేవారో గుర్తుచేసుకోబోయాను. ఆవిడ జాడీ జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఆవిడ ఉండగా అంత ధైర్యం ఎవరికీ లేదు. అందుకని ఆ ప్రశ్నే రాలేదు.

ఈలోగా మా మనవరాలు తన గోడు మొదలుపెట్టింది. "నా సంగతీ ఇలాగే అయింది. నేనొక స్పేసు రాశాను. ఒక గుణం ఉందని రుజువు పెట్టాను. ఇంకో గుణం లేదని రుజువు పెట్టాను. మధ్యలో ఒకటి తెలియలేదు. ఖాళీగా వదలడానికి సిగ్గేసి, ఉందని రాసేశాను."

"తెలియనప్పుడు వదిలెయ్యమన్నారన్నావుగా?"

"నీ మనవరాల్ని కదా మామ్మా!"

మా కోడలు మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వుతోందని భుజాలు చెప్పాయి.

"ఎర్రగీత వచ్చింది. ఎవరో పెద్దాయన రాశాడు. అమ్మాయీ, మొదటిదీ రెండోదీ ఉంటే మూడోది ఉండాలి. నువ్వే మూడోది లేదంటున్నావు. మొదటిది ఉందని రుజువు చేశావు. అయితే రెండోది ఉండడానికి వీల్లేదు కదా? నువ్వు ఖాళీగా వదిలేసి ఉంటే మిషనే లేదని నింపేసేది, అన్నాడు. ఇందాక నేను చూసిన జవాబు ఇదే. రుజువు లేకుండా నే రాసింది తీసేశాను. తియ్యగానే ఆ గడి దానంతటదే నిండింది."

ఊరికే వచ్చేదాన్ని వదిలేసి కష్టపడి తప్పు రాసినందుకు నాకు ఆ పిల్ల మీద జాలేసింది. అంత దండగ పని మా వంశంలో ఎవరూ చెయ్యలేదు.

మా కోడలు అప్పటిదాకా కాగితాలు చూస్తూ ఉండి, మెల్లిగా అంది. "అత్తయ్యగారూ, మనం గోదావరి గట్టు దగ్గర అద్దింట్లోంచి ఈ ఇంటికి మారిన రోజు గుర్తుందాండి?"

"గుర్తులేకేం! వాన."

"వానలో రిక్షా ఎక్కాం. మీ ఒళ్ళో దేవుడి పెట్టె. ఈ జాడీ నా ఒళ్ళో పెట్టారు."

"పెట్టానా?"

"నిండు జాడీ అండి. రోడ్డు మీద గుంటలకి తొణక్కుండా కౌగిలించుకుని కూర్చున్నాను. పొద్దున్నించి సామాన్లు సర్దిన చీర."

"ఆ రోజు నువ్వు పట్టుచీర కట్టుకున్నట్టు గుర్తు" అన్నాను.

"సామాన్లు సర్దడానికి పట్టుచీరాండి? నూలుదే. దాని మీద జాడీ అడుగు మరక ఇంకా ఉంది, తెమ్మంటే తెస్తాను."

"మధ్యలో చెక్కపీట వేసుంటాను."

"ఒళ్ళో పీట, పీట మీద జాడీ పెట్టుకుని ఆ రిక్షాలో కూర్చునుంటే, మలుపులో జాడీతో సహా గోదాట్లో తేలేదాన్నండీ."

మా మనవరాలు ఒక్క గెంతు గెంతింది. ఇంకొంచెమైతే గడప దాటేదే.

"ఆ ఏడు ఆ జాడీలో ఆవకాయ తిన్నావా మామ్మా?"

"తినక? ఆ ఏడు ఎంత బాగా కుదిరిందనుకున్నావు!"

"అయితే విను. అమ్మ చీరకి మడి లేదు, అది జాడీకి తగిలింది. ఇది మొదటిది. జాడీకి మైల సోకుతుంది అనుకుందాం. ఇది రెండోది. రెండూ నిజమైతే ఆవకాయకి మైల సోకినట్టు. దాన్ని నువ్వు ఏడాదంతా తిన్నట్టు. కాని నువ్వు మైల తినవు. ఇది ఊరందరికీ తెలిసిన నిజం, దీనికి రుజువక్కర్లేదు."

"ఎవరే రుజువడిగేది!"

"ఎవరూ అడగరు! అందుకే మూడోది లేదు. మొదటిది ఉంది. కాబట్టి రెండోది ఉండడానికి వీల్లేదు. జాడీకి మైల సోకదు. గడి దానంతటదే నిండింది మామ్మా!"

నేను ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాను, మార్కెట్టులో మామిడికాయని చూసినట్టు. ఎక్కడైనా మెత్తగా తగులుతుందేమోనని నొక్కి చూశాను. తగల్లేదు. జాడీకి సోకదనైనా ఒప్పుకోవాలి, లేదా నేను ఒక ఏడాది పొడుగునా లొట్టలేసుకుంటూ మైల తిన్నానని ఒప్పుకోవాలి. మా కోడలి ముందు.

"ఏం రాసుకోమంటావు?" అంది మా మనవరాలు, పెన్సిలు పట్టుకుని.

"సోకదని రాయి" అన్నాను.

"ఎవరైనా వచ్చి తప్పని చూపిస్తే మార్చాలి మామ్మా. మా సైటులో పద్ధతి అది."

"నా వంటింట్లోకి వచ్చి చూపించమను, చూస్తాను."

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఆ వాసెన గుడ్డ విప్పి ఉతికేశాను. ఉతికి మడిగా ఆరేసిన ఇంకో గుడ్డ తీసుకున్నాను. కట్టేముందు చిన్న గిన్నెలోకి కాస్త ఆవకాయ తీసుకున్నాను. మధ్యాహ్నం వేడన్నంలో కలుపుకుంటే ఆవఘాటు నసాళానికి అంటింది. తిరగకలపడంలో ఆ పిల్ల చెయ్యి తిరిగినట్టే ఉంది, ఉప్పు అడుగున ఉండిపోకుండా అంతా సమంగా పట్టింది. ఆ మాట దానితో అనలేదు. అంటే రుజువు రాసుకుంటుంది.

వాళ్ళిద్దరూ గడప అవతల నిలబడి నేను తినడం చూస్తున్నారు.

"ఒక్కటి చెప్తున్నాను" అన్నాను. "జాడీకి మైల సోకదు, నిజమే. అయినా దాన్ని ఎవరూ తాకకూడదు."

"సోకనప్పుడు తాకితే ఏంటండి?" అంది మా కోడలు.

"తాకకూడదు. అంతే."

మా మనవరాలు పెన్సిలు తీసింది. "ఇది కూడా రుజువక్కర్లేని వాటిలో రాసుకోనా మామ్మా?"

"రాసుకో. రాసుకుని ముందు ఆ ఫోను తీగ తీసి ఫోనుకి పెట్టు. పొద్దున్నించీ మోగలేదు."